వంగిన గోపురం

"ఆ పెట్టె మూసేయమ్మా. ఇక్కడ ఫొటోలు తీసే పన్లేదు" అన్నాడు కోదండరామయ్య.

గోపురం ఎదురుగా ముక్కాలి స్టాండు నిలబెడుతున్న ఆడమనిషి తలెత్తి చూసింది. తెల్లచీర, నెరిసిన జుట్టు. పొద్దుటి బస్సులో ఆత్మకూరు నుంచి దిగింది. పేరు రాహేలమ్మ. అక్కడ ఫొటో స్టూడియో నడుపుతుందట.

ఉదయగిరి కొండ కింద ఆ పాత గోపురం ఒక పక్కకు వంగి ఉంది. గుడి ఏనాడో కూలిపోయింది, అదొక్కటే మిగిలింది. 1949 వానల్లో దాని పైనుంచి ఒక రాయి ఊడి, కింద తలదాచుకున్న కుర్రాడి మీద పడింది. ఎవరో దారిన పోయే పిల్లవాడు. పోలీసులు శవాన్ని బండిలో ఆత్మకూరు ఆసుపత్రికి పంపించారు. ఊళ్లో అతని పేరు కూడా ఎవరికీ తెలియదు.

ఆనాటి నుంచి గోపురాన్ని పడగొట్టించాలని పట్టుబట్టింది బట్టలకొట్టు కోదండరామయ్యే. కొట్టు తమ్ముడికి వదిలేసి అర్జీల మీద అర్జీలు పెడుతున్నాడు.

"రాయి పడినప్పుడు మీరుండారా అయ్యా?" అడిగింది రాహేలమ్మ.

"నా చేతుల్లోనే పోయినాడు పిలకాయ. నీళ్లు పోస్తే గుక్కెడు తాగినాడు."

ఆమె కాసేపు ఆయన చేతుల వంక చూసింది. తర్వాత కెమెరా తీసి స్టాండుకు బిగించింది.

"చెప్పింది వినపళ్లేదా?"

"వినపడింది. నేను నిలబడింది రోడ్డు మీద. రోడ్డు మీది కాదు."

కోదండరామయ్య నలుగురిని పిలిచి కెమెరాకు అడ్డంగా నిలబెట్టాడు.

రాహేలమ్మ గొడుగు విప్పుకుని రోడ్డు పక్కన కూర్చుంది.

"నాకేం తొందర్లేదు. ఆకలైతే మీరే పోతారు."

ఎండ ముదిరేసరికి వాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆమె లేచి ఒక ఫొటో తీసింది. స్టాండును కాస్త పక్కకు జరిపి అదే గోపురాన్ని మళ్లీ తీసింది. స్టాండు కాళ్లు ఆనిన చోట ఇనప మేకులు దిగ్గొట్టి సాయంత్రం బస్సెక్కింది.

మేకులు పీకించాడు కోదండరామయ్య.

మరుసటి ఏడు వానలు వెలిశాక రాహేలమ్మ మళ్లీ దిగింది. పాత గుంతలు వెతికి పట్టుకుని కొత్త మేకులు కొట్టింది.

"ఎందుకమ్మా నీకీ పంతం?"

"అది కదులుతుండాదా లేదా చూడాల. కదిలితే పడగొట్టమని మీకంటే ముందు నేనే చెప్తా."

"అందాకా ఇంకొకడు చావాలనా? నీ బిడ్డ మీద పడుంటే తెలిసొచ్చేది నీకు."

రాహేలమ్మ నల్లగుడ్డ తల మీదికి లాక్కుని కెమెరా వెనక వంగింది. ఆ గుడ్డ కింద చాలాసేపే ఉండిపోయింది.

ఆ పై ఏడు రాహేలమ్మ మూడో జత ఫొటోలు తీసుకుపోయాక కోదండరామయ్య అర్జీలు ఫలించాయి. నెల్లూరు నుంచి ఇంజనీరు వచ్చాడు. ఊరంతా గోపురం దగ్గర చేరింది.

"ఇంత వంగిన దాన్ని ఉంచడం ప్రమాదమే" అన్నాడు ఇంజనీరు.

"వంగింది నిజమే. మూడేళ్ల నుంచీ అంతే వంగి ఉండాది" అంది రాహేలమ్మ గుంపును తోసుకుని వస్తూ.

ఫొటోలను జతలు జతలుగా పరిచింది. రెండు అద్దాలు బిగించిన చిన్న స్టాండును వాటి మీద పెట్టింది.

"మా ఇంటాయన మిలిటరీ సర్వేలో పనిచేసినాడు. పోయేముందు ఈ పని నాకు నేర్పించినాడు. దీంట్లోంచి చూస్తే రెండు ఫొటోలూ ఒకటై, గోపురం లేచి నిలబడతాది. ఏ రాయి ఎంత ముందుకుండాదో కొలవొచ్చు. కొలుచుకోండి."

ఇంజనీరు కూర్చుని ఒక్కో ఏటి జతా కొలిచాడు.

"ఒక్క రాయీ కదల్లేదు" అన్నాడు చివరికి.

"మరి ఆ పడిన రాయి?" కోదండరామయ్య గొంతు పెంచాడు.

"ఆ రాయి ఊడిన సందులోకి చూడండి" అంది రాహేలమ్మ. " రావిమొక్క వేరు కనబడతాది. అది తోసేసిన రాయి. పీకాల్సింది మొక్కలనయ్యా, గోపురాన్ని కాదు."

కోదండరామయ్య అద్దాల్లోకి వంగి, ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. గోపురం మొహం మీదికి వచ్చినట్టయింది. మళ్లీ వంగి చూశాడు. పన్ను ఊడినట్టున్న ఆ సందులో లావుపాటి వేరు.

పడగొట్టక్కర్లేదని రాసి ఇంజనీరు వెళ్లిపోయాడు.

"గెలిచినావులే" అన్నాడు కోదండరామయ్య, బస్సెక్కబోతున్న రాహేలమ్మతో.

"గెలుపేముందిలే అయ్యా. నేనూ దాన్ని తిట్టుకున్నదాన్నే. తిట్టేముందు కొలవాల గదా."

ఆ ఏడే కోదండరామయ్య దగ్గరుండి మొక్కలన్నీ వేళ్లతో సహా తీయించాడు. సందుల్లో సున్నం దట్టించాడు.

మళ్లీ వానలు వెలిశాయి. రాహేలమ్మ రాలేదు. మళ్లీ కొట్లో కూర్చుంటున్న కోదండరామయ్యకు, ఆత్మకూరు బస్సు వచ్చినప్పుడల్లా బయటికి తొంగిచూడటం అలవాటైపోయింది. చివరికి ఉండబట్టలేక, ఇంకొక జత ఫొటోలు తీసిపెట్టమని అడగడానికి తనే ఆత్మకూరు బయల్దేరాడు.

స్టూడియోకు తాళం వేసి ఉంది. పక్కింటి శీనమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"రాహేలమ్మ ఎప్పుడొస్తాది తల్లీ?"

"ఇంకెక్కడి రాహేలమ్మ? మొన్న వానల్లోనే జరమొచ్చి పోయింది. మీదేవూరయ్యా?"

"ఉదయగిరి."

శీనమ్మ చేట కింద పెట్టింది. ఆయన అరుగు అంచున కూర్చున్నాడు.

"ఆ గోపురం కోసం ఊరందరితో పోట్లాడింది. దాని మీద ఆమెకెందుకంత పట్టుదల?"

"అదేందయ్యా, మీకు తెలీదా? దాని కింద రాయి పడి పోయిన యేసురత్నం ఆమెకు ఒక్కగానొక్క కొడుకు."