సీటు నంబరు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో సొంత జట్టు కొత్త కుర్రాడు బంతిని మళ్ళీ గీత బయటికి విసిరేశాడు.

స్టేడియమంతా "బూ" అంటూ గేలి చేసింది.

చప్పట్లు కొట్టింది ఒకే ఒక్కడు. డ్వేన్ పక్క సీట్లో కూర్చున్న ముసలాయన.

"ఏం పెద్దాయనా, నువ్వెవరి తరఫు?" డ్వేన్ చిరచిరలాడాడు.

"మంచి పని చేశాడు. ఎదుటివాళ్ళొచ్చి మీద పడేలోపు వదిలించుకున్నాడు."

"వదిలించుకోడానికి వాడే కావాలా? మా అత్తని దింపినా ఆ పని చేస్తుంది!"

వెనక వరసలో నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

ఆ సీటు అసలు డ్వేన్ స్నేహితుడు గ్యారీది. చలికి జడిసి అతను రాలేదు. ఈ ముసలాయన ఆట మధ్యలో ఎక్కణ్ణుంచో వచ్చి, అడక్కుండానే అందులో కూలబడ్డాడు. గుబురు గడ్డం, ఆ మంచుకు ఏమాత్రం చాలని పల్చటి కోటు. చేతులు వణుకుతున్నాయి. తాగొచ్చాడనుకున్నాడు డ్వేన్.

నిజానికి డ్వేన్ ఇవాళ ఆట కోసం రాలేదు. ఈ ఏడు తమ జట్టు ఆట చూడాలంటే గుండె రాయి చేసుకోవాలి. విరామంలో మార్టీ హాలిస్టర్‌కి సన్మానం ఉంది, దానికోసం వచ్చాడు.

డ్వేన్‌కి పద్నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ ఏడాది ఆ ఇంట్లో నవ్వు వినబడిందంటే, అది ఆదివారాలు టీవీలో హాలిస్టర్ ఆడుతున్నప్పుడే. ఆట మానేశాక హాలిస్టర్ ఈ ఊరి ఛాయలకు రాలేదు. ఇన్నేళ్ళకు ఇవాళే రావడం. హెల్మెట్ లేకుండా ఆ మనిషిని ఒక్కసారి కళ్ళారా చూడాలి. అదీ డ్వేన్ కోరిక. కోటు మీద ఆయన పేరున్న పాత జెర్సీ తొడుక్కుని, పొద్దున్నుంచీ బావ రస్ చెవిలో అదే పోరు.

"చెయ్యి మంచిది. కాళ్ళూ చురుగ్గానే ఉన్నాయి," అన్నాడు రస్ కుర్రాణ్ణి చూస్తూ. "మొదటి ఏడాదే కదా బామ్మర్దీ. ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టు."

"వాడికి గుండె లేదు బావా. చూపంతా ఒకే మనిషి మీద. ఎవరికి విసురుతాడో ఇక్కడ కూచున్న మనకే తెలుస్తోంది, ఎదుటోళ్ళకి తెలీదా? హాలిస్టర్ మొదటి ఏడాది చూశావుగా! నలుగురు మీద పడ్డా బంతి వదిలేవాడా? దెబ్బ తినేవాడు, లేచి నవ్వేవాడు. అదీ మగాడంటే."

"నవ్వితే బాగున్నట్టు కాదు," అన్నాడు ముసలాయన.

"నీకొచ్చి చెప్పాడా?"

ముసలాయన ఏదో గుర్తు తెచ్చుకోబోయి, అందక ఊరుకున్నాడు.

తర్వాతిసారి కుర్రాడు బంతి పారేయలేదు. జనం గేలి చెవిన పడిందేమో, నిలబడ్డాడు. ఇద్దరు వచ్చి మీద పడుతుండగా విసిరాడు. బంతి చేరాల్సినవాడికి చేరింది. స్టేడియం హోరెత్తిపోయింది. కుర్రాడు మాత్రం నేల మీద అలాగే పడి ఉన్నాడు.

"అదీ! ఇప్పుడొచ్చాడు దారికి!" డ్వేన్ ఎగిరి గంతేశాడు.

ముసలాయన కూడా దిగ్గున లేచాడు. మోచెయ్యి తగిలి డ్వేన్ చేతిలోని బీరు జెర్సీ మీద ఒలికింది.

"బాగున్నానని చెప్పకురా నాయనా!" గొంతు చించుకుని అరిచాడు ముసలాయన. "తలకి దెబ్బ తగిలిందేమోనని వేళ్ళు చూపించి ఎన్నని అడుగుతారు. ఎప్పుడూ రెండే చూపిస్తారు. రెండని చెప్పకు!"

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చుట్టూ జనం పగలబడి నవ్వారు. మైదానంలో కుర్రాడు తూలుతూ లేచి, వైద్యుడి ముందు తలూపి, మళ్ళీ ఆటలోకి వెళ్ళాడు.

డ్వేన్‌కి ఒళ్ళు మండిపోయింది. సీట్లు చూపించే ఆమెను కేకేశాడు.

"ఇది మా గ్యారీ సీటు. ఈయన టికెట్టేదో అడగండి."

ముసలాయన జేబులన్నీ తడుముకున్నాడు. ఏమీ దొరకలేదు.

"పోనీ, నంబరైనా గుర్తుందా అండీ?" ఆమె నెమ్మదిగా అడిగింది.

ఆ ప్రశ్నకు ఆయన మొహం వెలిగింది. నడుం నిటారుగా పెట్టి, "పదిహేడు" అన్నాడు.

"పదిహేడో సెక్షనా? అది సరస్సు వైపు, అటు చివర. వెళ్ళగలరా?"

"వెళ్తాడు. అరిచే ఓపికుందిగా," అన్నాడు డ్వేన్.

"గ్యారీ ఎలాగూ రాలేదు. కూచోనీరా," అన్నాడు రస్.

"నువ్వూరుకో బావా. కాసేపట్లో హాలిస్టర్ వస్తాడు. ఈయన గోల మధ్య చూడమంటావా?"

ముసలాయన కమ్మీ పట్టుకుని మెట్లెక్కాడు. పైకెళ్ళి, సరస్సు వైపు కాకుండా బయటి గేటు వైపు తిరిగాడు. డ్వేన్ చూశాడు. చూసీ పిలవలేదు.

విరామం వచ్చింది. బ్యాండు మోగింది. మైదానం మధ్య తివాచీ పరిచారు. దాని మీద ఒక పెద్దావిడ ఒంటరిగా నిలబడి, బెదురుగా నాలుగు వైపులా చూస్తోంది.

"మన పదిహేడో నంబరు ఆటగాడు... మార్టీ హాలిస్టర్!" మైకులో పేరు మోగింది.

జనమంతా లేచి నిలబడ్డారు. అందరికంటే గట్టిగా అరిచింది డ్వేనే. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ అరిచాడు. అరుపులు ఒక్కొక్కటే సన్నగిల్లాయి.

మైకులో గొంతు తగ్గింది. "దయచేసి వినండి. మన అతిథికి కొంతకాలంగా మతి నిలవడం లేదు. ఇందాక భార్య పక్కనుంచి లేచి ఎటో వెళ్ళిపోయారు. ఎవరికైనా కనిపిస్తే కూర్చోబెట్టండి. పక్కనే ఉండండి."

గుర్తుపట్టడానికని పెద్ద తెర మీద ఆ పొద్దున తీసిన హాలిస్టర్ ఫొటో వేశారు. ఇందాక డ్వేన్ తన పక్క సీట్లోంచి లేపి పంపించేసిన ముసలాయనే.