పన్నెండో చోటు

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడో ఏడు. మంచి శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది. చర్చి గోడవారన పొడుగు బల్ల మీద పదకొండుమంది మగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఒత్తుకుని కూర్చున్నారు. గుమ్మం వైపు చివర మాత్రం ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది.

"కాస్త జరగండిరా, ఊపిరాడట్లేదు," అన్నాడు సంఘపెద్ద సంజీవరావు. పీఠం పక్కనున్న మొదటి చోటు ఆయనది. మధ్యాహ్నమే వచ్చి తువ్వాలు వేశాడు.

"ఎటు జరిగేదండీ? జరిగితే ఆ చోట్లోకి పోతాం."

మర్నాడు గురువారం. యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు పాస్టరు బాలస్వామి అయ్యగారు పన్నెండుమంది కాళ్ళు కడగాలి. జనం మిరప కళ్ళాలకు పోవాలని ఆరాధన పొద్దున్నే పెట్టారు. చిక్కంతా పన్నెండో మనిషితోనే. ఆఖరున ఎవరి కాళ్ళు కడిగితే వాడే ప్రభువును పట్టిచ్చిన యూదా అని ఊరి లెక్క. పోయినేడు ఆఖరున కూర్చున్న పిచ్చయ్యను చంటిపిల్లలు కూడా యూదా పిచ్చయ్య అన్నారు. పడలేక అతను కనిగిరిలో కూతురింటికి వెళ్ళిపోయాడు.

"దూదేకుల బుడాన్‌ని పిలుద్దాం. మన మతం కాదుగా, ఆయనకేం అంటదు," అన్నాడొకడు.

వీధిలో పోతున్న బుడాన్ కిటికీ దగ్గర ఆగాడు. "నా కాళ్ళు రోజుకు ఐదుసార్లు నేనే కడుక్కుంటా. మీ యూదాని మీలోనే వెతుక్కోండి."

"పోనీ మేకను కట్టేద్దాం."

"మేకకు నాలుగు కాళ్ళురా. అయ్యగారికి అసలే నడుంనొప్పి."

సంజీవరావు చూపు గుమ్మంలో నిలబడ్డ ఇమ్మానియేలు మీద పడింది. అతను ఆయన కళ్ళంలోనే కూలికి వెళతాడు.

"ఏరా, నువ్వు కూర్చో."

"పిల్లలున్నారండి. బళ్ళో యూదా పిల్లలంటారు."

"అంటే అననీ. పేరుదేముందిరా, భక్తి ఉండాలి గానీ."

"పేరుదేం లేకపోతే మీరే కూర్చోండి పెద్దయ్యా," అంది ఇమ్మానియేలు భార్య ప్రేమమ్మ వెనక నుంచి.

"సంఘపెద్దే యూదా అయితే సంఘం పరువేం కాను? ఇంతకీ రేపు మీరు కళ్ళానికి రావాలా వద్దా?"

ఇమ్మానియేలు తల దించుకుని వెళ్ళి ఆ చివర కూర్చున్నాడు. పక్కవాడు అతనికి తగలకుండా జరగబోయాడు గానీ చోటు లేదు.

బాలస్వామి అయ్యగారు ఇంతసేపూ పీఠం మెట్టు మీద కూర్చుని కాళ్ళు తుడిచే గుడ్డలు మడత పెడుతున్నారు. మాట తక్కువ మనిషి.

"అయిందా?" అన్నారు.

"అయిందండి. ఎవరి చోటు వాళ్ళదే. బైబిలు మీద ఒట్టు," అన్నాడు సంజీవరావు.

"ఒట్టు వద్దు. రేపు మారకపోతే చాలు."

"చచ్చినా మారనండి. నన్ను లేపేవాడెవడో చూస్తా."

తెల్లారేదాకా అక్కణ్ణుంచి కదలనని ఆయన ఇంటి నుంచి దుప్పటి తెప్పించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అయ్యగారు నీళ్ళ పళ్ళెం ఎత్తుకుని వెళ్ళి, ఇమ్మానియేలు కాళ్ళతో మొదలుపెట్టారు.