అలిసిన ఇనుము

“ముట్టుకోవద్దు పెద్దాయనా. వేలి జిడ్డు తగిలిందంటే నా పనంతా బూడిదలో పోసిన పన్నీరే.”

తల నెరిసిన పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని, గుమ్మం దాకా జరిగి నిలబడ్డాడు.

బల్ల మీద బస్సు ఇరుసు రెండు ముక్కలై పడుంది. వంతెన దిగుతుండగా విరిగింది. బస్సు బోల్తాపడి ముగ్గురు పోయారు. తప్పు ఇనుముదా, డ్రైవరు తోలిన వేగానిదా? తేల్చి రాసివ్వమని విచారణ ఆఫీసు వాళ్లు లోహాలు పరీక్షించే ల్యాబుకి పంపారు.

ఆ పని చిన్న మేడమ్ చేతికొచ్చింది. ల్యాబులో ఆమెని అందరూ పిలిచేది అలాగే.

“ఎవరాయన?” అంది అటెండరుతో.

“పాతినుము కొనే బాపతు అయ్యుంటాడు మేడమ్. విరిగిందేదైనా వస్తే చాలు, బెల్లానికి ఈగల్లా చేరతారు.”

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. అన్నాలవేళకి వచ్చి, గుమ్మం పక్కన గోడకి చేరగిలబడేవాడు.

ఆమెకి ఆయన ధ్యాస ఉంటేగా. మైక్రోస్కోపులో కన్ను పెడితే చాలు, లోకం మారిపోయేది. ఇరుసు విరిగినచోట, ఆ ముఖం మీద సన్నటి వంపు గీతలు, అల వచ్చి వెళ్లాక ఇసుకలో మిగిలినట్టు, ఒకదాని వెనక ఒకటి. ఆ ఇసుకలో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టుండేది. నడిచి నడిచి మొదటి గీత దగ్గరికి చేరేది. అక్కడ ఆవగింజంత మచ్చ. బీట పుట్టింది అక్కడే.

“ఏం కనబడుతోందమ్మా అందులో?”

“సముద్రపు ఒడ్డు.”

ఆయన నవ్వలేదు. “ఇనుము ఉన్నట్టుండి విరుగుతుందా? ముందునించే అలిసిపోయి ఉంటుందా?”

“రేటు కట్టుకోడానికా? అలిసిన ఇనుమైనా కొలిమిలో పడితే మళ్లీ కొత్తదే లెండి.”

“దాని పనే నయం,” అన్నాడు. మళ్లీ తనే, “ఇంకా ఎన్నాళ్లు పడుతుందమ్మా?”

“తొందరపడితే పిందె పండవుతుందా? నా పనయ్యాక అదెలాగూ మీలాంటివాళ్లకే చేరుతుంది.”

నిజానికి జవాబు ఆమెకి మొదటిరోజే తెలుసు. విరిగిన ముఖంలో ముప్పావు వంతు రాసుకుని రాసుకుని, నల్లబడి నునుపెక్కి ఉంది. పాత బీట. ఏడాది కిందటిదో, అంతకు ముందుదో. మిగిలిన పావు వంతే ఆరోజు తెగింది. నత్తనడకన తోలినా అది ఆ వారంలో విరిగేదే.

రెండు వాక్యాల్లో తేలిపోయే రిపోర్టు. కానీ ఇంత అందమైన ముక్క జన్మకోసారి దొరుకుతుంది. గీతలన్నీ లెక్కపెట్టాలి. ఫోటోలు తీయాలి. ఏమో, పెద్ద పత్రికవాళ్లు అట్ట మీదే వేస్తారేమో. ఒక ఫోటోలో వెలుగు చాలలేదని వారం, ఇంకోదాంట్లో నీడ పడిందని మరో వారం.

మూడో నెలలో పెద్దాయన రావడం మానేశాడు.

“ఈగకి వేరే బెల్లం దొరికినట్టుంది,” అన్నాడు అటెండరు.

ఆ సోమవారం నలభై పేజీల రిపోర్టు ముగించి, ఆమె విచారణ ఆఫీసుకి ఫోన్ చేసింది. గుమాస్తా ఎత్తాడు.

“రిపోర్టు పంపుతున్నానండీ. లోపం ఇనుములోనే ఉంది. ముందు ఆ డ్రైవరుకి చెప్పండి, ఆయన తప్పు రవ్వంత కూడా లేదని.”



“ఇంకెవరికి చెప్పమంటారు మేడమ్. శుక్రవారం పోయాడు. తిండీ నిద్రా మానేసి, ఆ ముగ్గుర్నీ నేనే చంపానా, నేనే చంపానా అని ఒకటే మాటట.”

ఆమె చేతిలోని రిపోర్టుని బల్ల మీద పెట్టేసింది.

“మీకూ తెలిసే ఉంటాడు లెండి,” అన్నాడు గుమాస్తా. “రోజూ మధ్యాహ్నం మీ గుమ్మంలోనే కూర్చునేవాడట.”