కళ్ళు మూసిన ఫొటో

“ఇంకా చెడ్డది కావాలి ఆంజీ! ఇందులో మనిషి మర్యాదగా ఉన్నాడు,” అన్నాడు మేనేజర్ వాసుదేవరావు, కంప్యూటర్ మీదికి వంగి.

ఆంజి మరో ఫొటో తెరిచాడు. బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికలు. అవతలి పార్టీ అభ్యర్థి, ఇప్పటిదాకా ఎంపీగా ఉన్న హెన్షా అనే ముసలాయన ముఖమంతా ముడిచి తుమ్మబోతున్నాడు.

“ఇదీ చాలదు. తుమ్ములు అందరికీ వస్తాయి.”

రాయచోటిలో ఆంజిది పెళ్ళి ఫొటోల స్టూడియోలో ఉద్యోగం. వెయ్యి ఫొటోల్లోంచి కళ్ళు మూసినవి, మూతి వంకరపోయినవి ఏరి పారేస్తే ఆల్బమ్ తయారయ్యేది. కువైట్ సిటీలో ఈ ఎనిమిదో అంతస్తు ఆఫీసులో చేరాక పని తిరగబడింది. పారేయాల్సినవే ఏరుకోవాలి. పని పంపేది లండన్‌లో ఎవరో ఏజెన్సీవాళ్ళు. తమ చేతికి అంటకుండా బురద చల్లాలంటే సముద్రాల అవతల మనిషిని పెట్టుకోవడమే మేలు కదా!

“సార్, మన తరపున నిలబడినాయన మంచోడని చెప్పకూడదా?”

“ఎవడు నమ్ముతాడయ్యా? ఇద్దరిలో ఎవరి పేరు చెప్పినా జనానికి ఒళ్ళుమంటే. మనోణ్ణి పొగిడితే నవ్వుతారు, అవతలోణ్ణి తిడితే వింటారు. యల్లా, వెతుకు. నీ ఇఖామా వచ్చే నెలతో అయిపోతోంది, గుర్తుందిగా?”

గుర్తు లేకేం! ఆ నివాస అనుమతి లేకపోతే కువైట్‌లో ఉండనివ్వరు. కానీ ఆంజి ప్రాణమంతా చెల్లెలి కాగితం మీదే ఉంది.

చెల్లెలు వెంకటేశ్వరి ఇక్కడే ఒక ఇంట్లో పనిచేసేది. ఎండలు ముదిరితే ఆ ఇంటివాళ్ళు లండన్ పోతారు, సామానుతో పాటు పనిమనిషినీ తీసుకుపోతారు. పోయిన ఏడాది అక్కడ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇస్త్రీపెట్టెతో దీని చెయ్యి కాల్చింది. చెత్త పారేయడానికి బయటికొచ్చిన పిల్ల మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. ఇప్పుడు ఏదో ఆడవాళ్ళ ఆశ్రమంలో తలదాచుకుంది. ఆ దేశంలోనే ఉండనిస్తున్నామని అక్కడి ప్రభుత్వం కాగితం ఇవ్వాలి. ఇవ్వకపోతే విమానం ఎక్కించేస్తారు. మళ్ళీ ఆ మామా చేతికే అప్పజెప్తారేమోనని దాని భయం.

మధ్యాహ్నం భోంచేస్తుంటే దాని ఫోనే వచ్చింది.

“అన్నా, లైబ్రరీ తాతసారు మల్లా రమ్మన్యాడు. శనివారం శనివారం ఆడ కూచుంటాడు గదా, అందరూ వరసగట్టి బాధలు చెప్పుకుంటారు. నా కాగితం పట్టుకోని వచ్చే నెల తానే పెద్దాఫీసుకు పోతాడంట.”

“నువ్వు చెప్పింది నమ్మినాడా మ్మే?”

“పోలీసోళ్ళు నమ్మల్యా, ఆఫీసోళ్ళు నమ్మల్యా. ఈయప్పొక్కడే నమ్మినాడు. తెలుగు నర్సక్క ఇంగ్లీషులో చెప్తాంటే అంతా ఇని, ఒక్క ముక్క పోకుండా తిరిగి అప్పజెప్పినాడు. నాకు ఏడుపొచ్చిందన్నా.”

ఎవరో పుణ్యాత్ముడైన లాయరు అనుకున్నాడు ఆంజి. ఆ ముసలాయన చల్లగా ఉండాలని అన్నం ముందే దండం పెట్టుకున్నాడు.

సాయంత్రానికి వెతుకుతున్నది దొరికింది. ఏదో ఊళ్ళో సభ వీడియో. ఒక ముసలమ్మ మైకు పట్టుకుని ఏడుస్తూ తన గోడు చెబుతోంది. ఎదురుగా హెన్షా, గడ్డం గుండెలకానించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాత తలెత్తి నాలుగు నిమిషాలు ఆమెకు జవాబు చెప్పాడు. ఆ నాలుగు నిమిషాలూ ఆంజికి అక్కర్లేదు. కోసేశాడు.

వాసుదేవరావు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “నిజంగానే నిద్రపోయాడంటావా?”

“ఏమో సార్. కండ్లయితే మూసినాడు.”

“చాలు!”

‘మీరు ఏడుస్తుంటే ఈయన నిద్రపోతాడు’ అని దాని కింద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు పెట్టాడు ఆంజి. ఫొటో ఆ ఊరి ఫోన్లన్నిటికీ పాకింది, బస్టాపులకెక్కింది. హెన్షా వీధిలోకొస్తే పిల్లలు గుర్రుపెట్టి వెక్కిరిస్తున్నారని లండన్ నుంచి కబురొచ్చింది. ఆఫీసంతా పడీపడీ నవ్వారు. ఆంజీ నవ్వాడు.

శుక్రవారం ఫలితాలొచ్చాయి. హెన్షా రెండు వందల ఓట్ల తేడాతో ఓడిపోయాడు. సెలవురోజైనా వాసుదేవరావు అందరినీ పిలిచి బిర్యానీ తెప్పించాడు.

“ఒక్క ఫొటోతో ముసలోడు ఖలాస్! నీ ఇఖామా ఇంకో రెండేళ్ళకి నేను చేయిస్తానయ్యా!”

ఆంజికి కడుపు నిండిపోయింది. వరండాలోకి వచ్చి చెల్లెలికి ఫోన్ చేశాడు.

“ఏమ్మే, నీ కాగితం పెద్దాఫీసుకు ఎప్పుడు పోతాదంట?”

“యాడన్నా! తాతసారు గది మూసేసినారు. ఇంక రాడంట. నా మాట ఇనే దిక్కు లేకుండా పాయ.”

“ఏమాయ? ఒంట్లో బాగల్యా ఆయప్పకు?”

“జనమే వద్దన్యారంట. యాడ జూసినా ఒకటే బొమ్మ అంటించి నవ్వినారు. పంపిచ్చినా, చూడు.”

ఫొటో తెరుచుకుంది. బస్టాపు గోడ మీద వానకు తడిసిన పోస్టరు. ఆ పెద్ద అక్షరాలు పెట్టింది ఆంజే.

“అబద్ధమన్నా అదంతా,” అవతల వెంకటేశ్వరి వెక్కుతోంది.

ఆంజి పోస్టరులోని ముసలాయన ముఖాన్ని వేళ్ళతో పెద్దది చేశాడు.

“ఆయప్ప కండ్లు మూసుకోని ఇంటాడన్నా.”