బూటులో ముసలితనం

ఆడవాళ్ల పరుగు బూట్లకు తొడుక్కునేవాళ్ల వయసెంతో చెబితే చాలు, అవి ఆ వయసుకు తగ్గ అడుగే వేయించే కాలమది. అరవై దాటిన హైమవతికి ఏడాదిగా పరుగు తగ్గింది. పరుగుతోపాటు పరువూ పోయిందని బీచ్ రోడ్డు పందెం జట్టులోంచి తప్పుకుంది.

ఆదివారం గుడి బయట తొందరలో కూతురి బూట్లు తొడుక్కుని కదిలింది. గాలిలో తేలినట్టుంది! వెనక ముప్పయ్యేళ్ల ప్రణతి తల్లి బూట్లతో బాతులా కాళ్లీడుస్తోంది.

"అమ్మా, ఆగు! అవి నావి!"

"మరి నావాటికి ఈ నత్తనడక ఎవరు నేర్పారే?"

"నేనే. నీకు ఎనభై ఏళ్లని వాటికి చెప్పాను. పడిపోతావేమోనని భయమేసి..."

"బూటులోనే బూటకమా! నాతో ఒక్క మాటైనా అనకుండా?"

హైమవతి మెట్టు మీద కూలబడి, బూట్లు విప్పేసి, పాదాలు నిమురుకుంది.

"ఏడాదిగా ఈ కాళ్లనే తిట్టుకున్నాను కదే."

లేచి, వట్టికాళ్లతో, కూతురి కోసం ఆగకుండా పరుగెత్తింది.