మలుపులో ఆగిన చుక్క

నాయనా, నీ దగ్గు తగ్గిందా? కోడలి మోకాళ్లు ఎలా ఉన్నాయి? మన వినీతను చేసుకోబోయే నీ కొడుకు భాను కులాసానా? వాడి ఒళ్లు జాగ్రత్త.

నీ చెల్లెలి కూతురు వినీత నిన్న మరైగూడ వచ్చింది. నెత్తురు కణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ జబ్బును ఒక్క నెత్తుటి చుక్కతో కనిపెట్టే చిన్న బిళ్లను తనే కంప్యూటర్లో గీసిందట. లోపల వెంట్రుకంత కాలువలు. చుక్క ఎలా పారుతుందో ముందు కంప్యూటర్ బొమ్మలో చూసుకుని, తర్వాత బిళ్లను అచ్చు పోస్తారట.

సరదాకు తన చుక్క వేసి చూపించింది. అది మలుపులో ఆగిపోయింది. పక్కింటామెది మాత్రం చక్కగా దాటింది.

“నువ్వు గీసుడే తప్పయ్యిందేమోనే,” అన్నాను.

“తప్పయితే పక్కింటత్తది ఎట్ల దాటింది? ఏదీ, నీ వేలియ్యి అమ్మమ్మా.”

“నా ఒంట్లో నెత్తురేడిదే, అంతా చాయ్ నీళ్లే!”

నా చుక్కా ఆ మలుపులోనే ఆగింది. పిల్ల నవ్వు ఆగిపోయింది.

“చుక్క ఆగిందంటే నెత్తుట్ల సికిల్ గుణం ఉన్నట్టే. అది నీ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చింది. మనలెక్క ఆ గుణం మోసేటోళ్లకు ఏం కాదు అమ్మమ్మా. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మోస్తేనే పుట్టే పిల్లలకు జబ్బు.”

పరాయి సంబంధమైతే ఇంత భయం ఉండేది కాదు. మేనరికం కదా నాయనా. నువ్వూ నా కడుపునే పుట్టావు.

నిశ్చితార్థానికని పూలూ పండ్లూ, చీరా ఏమీ తేవద్దు. బుధవారం, పద్నాలుగున, భానును ఒక్కణ్ణే వెంటబెట్టుకుని రా. వాడి నెత్తుటి చుక్క ఒక్కటి చాలు.