పగలగొట్టని గుడ్డు

మ్యూజియంలో పగుళ్ళు అతికే జిగురు మాస్టారు కుంచె ముంచేసరికి వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"దానికి పూయకు బాబూ."

చూస్తే, గుడ్డు పెట్టె పట్టుకెళ్ళడానికి వ్యాను తెచ్చిన ముసలాయన.

అది కోట్ల ఏళ్ళ నాటి రాక్షసిబల్లి గుడ్డు, రాయిగా మారిపోయింది. ఒళ్ళంతా పగుళ్ళు. లోపల పిల్ల ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఇనుపరాయి కనక ఎక్స్‌రే లోపలికి పోలేదు. న్యూట్రాన్లతో ఫోటో తీసే యంత్రం ఒక్కటే దారి. ఆ యంత్రాన్ని కూడా ఇవాళ సాయంత్రంతో మూసేస్తున్నారు, ఇక తెరవరు.

"ఏం, ఎందుకు పూయకూడదో?"

"న్యూట్రాన్లు ఇనుములోంచి పోతాయిగానీ జిగురు దగ్గర ఆగిపోతాయి. బొమ్మ నల్లబడుతుంది. దూదిలో పెట్టివ్వు, మెల్లగా తోలతాను."

మాస్టారికి ఒళ్ళు మండింది. బడి సగంలో మానేసినవాడని పెద్ద చదువులవాళ్ళు చెప్పే నీతులన్నీ పాతికేళ్ళుగా భరించాడు. ఇప్పుడు స్టీరింగు పట్టేవాడు కూడానా?

"పగులున్నది ఏదైనా జిగురు పూయనిదే ఈ గడప దాటదు. నీ పని తోలడం. తోలు."

పైవాళ్ళని ఒక్కమాట అడగమన్నాడు ముసలాయన. ఇక్కడ పైవాడూ కిందవాడూ తనేనన్నాడు మాస్టారు.

మూడు పూతలు ఆరేదాకా ముసలాయన గోడవార నిలబడ్డాడు. వ్యానులో మాస్టారు పెట్టెని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. గుడ్డు మాత్రం చెక్కు చెదరలేదు.

యంత్రం దగ్గరి అమ్మాయి తెర మీదికి బొమ్మ తెచ్చింది.

మసిముద్ద.

తిప్పి తీసింది. మళ్ళీ తీసింది. అదే మసి.

జిగురు కడిగేస్తేనో, అన్నాడు మాస్టారు. కడిగితే గుడ్డు పొడైపోతుందని అందరికన్నా అతనికే బాగా తెలుసు.

ముసలాయన తెరకేసి కాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"పగల్లేదుగా. చాలు," అని బయటికి వెళ్ళిపోయాడు.

మాస్టారు తన చేతులకేసి చూసుకున్నాడు. చేతులు ఎవరివో తగిలించినట్టున్నాయి.

అమ్మాయి స్విచ్చులు ఒక్కొక్కటే కట్టేస్తోంది.

"నువ్వైనా ముందే ఫోన్ చేసి చెప్పాల్సిందమ్మా," అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక. "మీ డ్రైవరు మాట ఎవరు వింటారు?"

"మా డ్రైవరు ఇవాళ సెలవు సార్."

"మరి ఆయన?"

"నలభై ఏళ్ళ కిందట ఆ గుడ్డుని తవ్వి తీసినాయన. అందరూ పగలగొట్టి చూద్దామంటే ఈయనొక్కరే వద్దన్నారు. ఒక్కపూట ఇమ్మని మీ మ్యూజియంకి ఏటేటా రాశారు, మీవాళ్ళు ఇచ్చింది ఇవాళే."

ఆఖరి స్విచ్చు కట్టేసి అంది.

"దాన్ని పగలగొట్టకుండా లోపలికి చూడాలనే సార్, ఆయన ఈ యంత్రాన్ని కట్టింది."